సంపూర్ణమ్మ వేలు చూసి రమ్మన్నారు

మా అక్క కూతురు సునీత స్విట్జర్లాండ్‌లో ముసలివాళ్ల ఆశ్రమంలో నర్సు. జూన్ నెలాఖర్లో ఫోన్ చేసింది. "పిన్నీ, ఇవాళ డ్యూటీలో ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, 'ఏంది మే, శానా చిక్కినావు, అన్నం తింటాండావా లేదా?' అంది. తెల్లటి స్విస్ ఆవిడ పిన్నీ! చేతిలో ట్రే జారిపోయింది" అంది.

ఆవిడ పేరు ఎల్స్‌బెత్. ఎనభై నాలుగేళ్లు. వయసులో ఉండగా మన జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ఐదేళ్లు నర్సుగా పని చేసిందట. అక్కడ అందరూ ఎలిసమ్మ అనేవారట. ఇప్పుడు మతిమరుపు మొదలైంది. నిన్నటి భోజనం గుర్తుండదు, తన భాషలో మాటలకే తడుముకుంటుంది, తెలుగు మాత్రం గడగడా వస్తోంది. ఆవిడకి ఒకటే కోరిక. తనతో పనిచేసిన సంపూర్ణ అనే నర్సు ఉందో లేదో కనుక్కోవాలి. ఉంటే ఆమె వేలి ఫోటో పంపాలి.

"వేలేమిటే, మొహం అక్కర్లేదా?" అన్నాను.

"అరవై ఏడు ఎన్నికల్లో సంపూర్ణ ఓటేసి వచ్చి సిరా మచ్చ చూపించిందట. అప్పటికి ఇక్కడ స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్లకి ఓటు లేదు. ఆ వేలు మళ్లీ చూడాలంటోంది. ఎన్నాళ్లు గుర్తుంటుందో తెలియదు పిన్నీ. నువ్వు ఖాళీగానే ఉన్నావుగా, వెళ్లిరా."

ఖాళీగానే ఉన్నాను, నిజమే. తెనాలిలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. స్విట్జర్లాండ్ ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లని ముప్పై ఏళ్లూ బోర్డు మీద రాశాను. ఆ పుట్టింట్లో ఆడపడుచులకి 1971 దాకా దేశపు ఎన్నికల్లో ఓటే లేదన్న ముక్క నాకు తెలియదు. సిగ్గేసి చదివాను. ఆ ఏడు మొదట్లో మగవాళ్లంతా ఓట్లేసి, సరే, ఆడవాళ్లకీ ఇద్దాంలే అని తేల్చారట. అంతకుముందు ఒకసారి అడిగితే కుదరదన్నారట. అదే ఏడు అక్టోబరు ఆఖరి ఆదివారం పార్లమెంటు ఎన్నికల్లో ఆడవాళ్లు మొదటిసారి ఓటేశారు. మనకి మాత్రం మొట్టమొదటి ఎన్నిక నుంచీ ఉంది. ఆ గర్వంతోనే రైలెక్కాను. అది పులివెందుల దాకా నిలిచింది.

ఎర్రగుంట్ల

పొద్దున్నే దిగాను. స్టేషను బయటికి రాగానే సిమెంటు లారీలు వరసగా పోతున్నాయి. వేపచెట్ల ఆకుల మీద కూడా బూడిద పొర. నా తెల్లచీర పావుగంటలో రంగు మారింది.

టీ కొట్టులో కూర్చున్నాను. టీ పది రూపాయలు, గ్లాసు మా తెనాలి గ్లాసులో సగం. కొట్టతను నన్ను చూసి, "యాడికి పోవల్లమ్మా?" అన్నాడు.

"ప్రొద్దుటూరు."

"ఎవురింటికి?"

"ఇంకా తెలియదు బాబూ."

"తెలీకుండా ఎట్ల పోతాండావు? ఇంట్లో చెప్పొచ్చినావా?"

మా వైపు ముక్కూమొహం తెలియనివాడు ఇలా అడిగితే నేను ఊరుకోను. అతను మాత్రం నిజంగా కంగారుపడుతున్నాడు. సంగతి చెప్పాను. మధ్యలో నలుగురు లారీ డ్రైవర్లు చేరి విన్నారు. అంతా విని ఒకాయన, "అయితే ఆ దేశంలో మగోల్లు అన్నేండ్లు ఒక్కరే ఏసుకున్యారా! మనకంటే ముదుర్లు ఉండారప్పా" అని నవ్వాడు. ప్రొద్దుటూరు బస్సు ఆపి నన్ను ఎక్కించింది కూడా ఆయనే.

ప్రొద్దుటూరు

ఈ ఊళ్లో ఒక్క వీధిలో ఉన్న బంగారు కొట్లు మా ఊరు మొత్తం మీద లేవు. నేను బంగారం కొనడానికి రాలేదని, జమ్మలమడుగు వెళ్లేముందు బసకే దిగానని లాడ్జి కుర్రాణ్ని నమ్మించడానికే పది నిమిషాలు పట్టింది.

మర్నాడు పొద్దున కారం దోసె తిన్నాను. నలభై రూపాయలు. దోసె మీద ఎర్రకారం, దాని మీద పప్పులపొడి, అంచుకి చట్నీ. రెండో ముక్కకే కళ్లల్లో నీళ్లు, చెవుల్లో వేడి. పక్క బల్ల ఆయన నా వైపు జాలిగా చూసి, "కారం తక్కువైందామ్మా? ఇంగొంచెం ఏపీమంటావా?" అని అడిగాడు. గుంటూరు జిల్లా పరువు కోసం వద్దనకుండా తల ఊపాను. ఆ ఊపిన తలని మధ్యాహ్నం దాకా తిట్టుకున్నాను.

తర్వాత, మిషన్ నర్సు సంగతి చర్చివాళ్లకి తెలుస్తుందని అక్కడికి వెళ్లి, సంపూర్ణమ్మగారు తెలుసా అని వాచ్‌మన్‌ని అడిగాను. తెలియకపోవడమేమిటని దగ్గరుండి ఒక ఇంటికి తీసుకెళ్లాడు. డెబ్బై దాటిన పెద్దావిడ, చక్కటి మనిషి. "శానా దూరం నుంచి వచ్చినావు, ముందు తిను" అని రాగిసంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, పెట్టింది. తిన్నాక వేలు చూపించమన్నాను. చూపించింది. మే నెలలో ఓట్లు అయ్యాయి కాబట్టి ఎడమ చూపుడువేలి గోటి మీద మచ్చ ఇంకా ఉంది. ఫోటో తీసి సునీతకి పంపాను. పని ఇంత తేలిగ్గా అయిపోయినందుకు నన్ను నేను మెచ్చుకుంటూ రెండో ముద్ద కూడా పెట్టించుకున్నాను.

ఆ ముద్ద పూర్తికాకముందే సునీత దగ్గర్నుంచి జవాబు. "ఎలిసమ్మ ఫోటో చూసి, 'ఇది సంపూర్ణ చెయ్యి గాదు, దానిది ఎడమచేతివాటం, కాయలన్నీ ఆ చేతికే ఉంటాయి' అంటోంది. సరిగ్గా కనుక్కో పిన్నీ."

"అమ్మా, మీరు జమ్మలమడుగులో నర్సుగా చేశారు కదా?" అన్నాను.

"నేనా? నేను టీచర్ని. ఆ నర్సమ్మ వేరే."

"మరి చెప్పలేదేమండీ!"

"నువ్వు అడగలేదే! చెయ్యి చూపీమంటివి, చూపిస్తి. నువ్వు చేతులు చూసి జాతకం చెప్పేదానివేమో అనుకున్యా" అంది ఆవిడ, ఇంకాస్త ఊరుబిండి వేస్తూ. ఎదురు ప్రశ్న వేయకుండా కొత్త మనిషికి అన్నం పెట్టేస్తారు వీళ్లు. టీ కొట్టు ఆయన ఒక్కడే తేడా.

జమ్మలమడుగు

పెన్నలో నీళ్లు కాస్తే ఉన్నాయి. మిగతాదంతా ఇసక. వంతెన దాటగానే ఆటో ఎక్కాను. ఆటో మస్తాన్‌ది. కువైట్‌లో పదకొండేళ్లు డ్రైవరుగా చేసి, నడుం పట్టేసి తిరిగొచ్చాడట. ఆసుపత్రికి పొమ్మని, సంపూర్ణమ్మ అనే నర్సు గురించి అడుగుతున్నానన్నాను. ఆటో రోడ్డు మధ్యలో ఆపేశాడు. వెనకాల బస్సు హారన్ మోగిస్తూనే ఉంది.

"అక్కా, నన్ను కనింది మాయమ్మ, కాన్పులో పట్టింది ఆయమ్మ. మా ఈదిలో సగం మందిని ఆయమ్మే పట్టింది. రంజాన్‌కు ఇప్పటికీ సేమ్యా డబ్బా పంపుతాం. ఆయమ్మ ఈడ లేదు, పులివెందులలో చెల్లెలి కూతురింట్లో ఉండాది."

అయినా ఆసుపత్రి చూడాలన్నాను. పాత భవనం, ఎత్తయిన రాతి స్తంభాలు, పొడుగాటి వరండా. వరండాలో ఒక సిమెంటు అరుగు. నర్సులు డ్యూటీ దిగాక అక్కడే కూర్చునేవాళ్లని, వాళ్లలో ఒక దొరసాని కూడా ఉండేదని మస్తాన్ తల్లి చెప్పేదట. ఇరవైల్లో ఉన్న ఇద్దరు ఆడపిల్లలు, ఒకరికి ఓటుంది, ఒకరికి లేదు. లేనిదేమో దొరల దేశపు పిల్ల. ఆ అరుగు మీద కూర్చుని నాలో నేను మురిసిపోయాను. క్లాసులో చెప్పదగ్గ పాఠం అనుకున్నాను.

మస్తాన్ వంద రూపాయలు అడిగాడు. నూట యాభై ఇస్తే యాభై వెనక్కిచ్చాడు. "వేలు చూసేకి ఇంత దూరం వచ్చినావు. ఆయమ్మకు నా సలాం చెప్పక్కా, అదే పదివేలు" అన్నాడు.

పులివెందుల

దారంతా అరటి తోటలు, చీనీ తోటలు. చీనీ అంటే మన బత్తాయే. బస్టాండులో డజను కొంటూ, బత్తాయిలు ఎంత అని అడిగితే కొట్టామె అర్థం కానట్టు చూసింది. "బత్తాయి యాడ దొరుకుతాదో నాకు తెల్దు, ఇవి చీనీకాయలు" అంది.

మస్తాన్ చెప్పిన గుర్తులతో ఇల్లు పట్టుకున్నాను. చిన్నది, అద్దంలా ఉంది. చెల్లెలి కూతురు అంగన్‌వాడీకి వెళ్లింది. సంపూర్ణమ్మ ఎనభై ఏళ్లకి కూడా నిటారుగా ఉంది. తెల్లచీర, కత్తిరించిన గోళ్లు. తొమ్మిది వేళ్లకే. ఎడమ చూపుడువేలి గోరు ఒక్కటీ పొడుగ్గా పెరిగి ఉంది, దాని కొసన నల్లటి మచ్చ. టీ గ్లాసు ఎడమ చేత్తో ఇచ్చి, "తప్పనుకోవద్దు మే, పుట్టుక నుంచి ఇదే వాటం. చిన్నప్పుడు ఈ చేత్తో ఇస్తే నీళ్లు గూడా తాగేటోల్లు గాదు మనుషులు" అంది. ఇంక అనుమానం లేదు.

మస్తాన్ సలాం చెప్పాను. నవ్వింది. ఎలిసమ్మ పంపితే వచ్చానన్నాను. నవ్వు పోయింది.

"ఉందా?" అంది.

"ఉంది. కాస్త మతిమరుపు. మీ వేలు చూడాలంటోంది. మీరు ఓటేసొచ్చి చూపించిన వేలు."

సంపూర్ణమ్మ లేచింది. లోపలికి వెళ్లి బైబిలు తెచ్చింది. అందులోంచి ఒక నీలం కాగితం తీసి నా చేతికిచ్చి, "చదువు" అంది. 1971 నవంబరులో రాసిన జాబు. గుండ్రటి అక్షరాలు, తెలుగే, అచ్చం ఈ నేల తెలుగు.

"ప్రియమైన సంపూర్ణకు. పోయిన ఆదివారం నేను ఓటు వేసినా. చర్చి విడిచినాక పోయినాము. ఆడోళ్లందరూ పండగ గౌన్లు వేసుకొని వచ్చినారు. మా అమ్మకు అరవై రెండేండ్లు, పెట్టె కాడ నా చెయ్యి పట్టుకుంది. పార్లమెంటుకు రెండువందల మందిలో పది మంది ఆడోళ్లు గెలిచినారు. ఈడ ఓటు కాగితంలో పేర్లు శానా ఉంటాయి. నచ్చని పేరు కొట్టేసి ఇంకో పేరు రాసుకోవచ్చు. నేను ఒక పేరు కొట్టేసి నీ పేరు రాసినా, తెలుగులో. పోటీలో లేని పేరు చెల్లదు అంట. ఎంచేవాళ్లు కోడి గీరింది అనుకోని ఉంటారు. ఈడ వేలికి సిరా పెట్టరు. నాకు దిగులు అయింది. ఇంటికి వచ్చి పెన్నుతో పెట్టుకున్నా, నీ మాదిరి."

నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఎంత బాగా రాసిందండీ, అన్నాను.

"దీనికి నేను జవాబు రాయలేదు. ఇంగ ఎప్పుడూ రాయలేదు. ఆయమ్మ ఇంగా మూడు జాబులు రాసి, ఊరుకునింది."

"ఎందుకు?"

"నేను ఆ పొద్దు ఓటే వేయలేదు గాబట్టి."

చేతిలో గ్లాసు కింద పెట్టేశాను.

"మా ఊరు వేముల పక్కన పల్లె. పేరు చెప్పను, ఆ మనుషులూ ఇప్పుడు లేరు. ఎలిసమ్మ నన్ను బస్సు దాకా సాగనంపింది. 'మా దేశంలో నాకు లేదు, నా బదులు గూడా నువ్వే ఏసి రా' అనింది. రెండు బస్సులు మారి, నాలుగు మైళ్లు నడిచి పోయినా. కొత్తచీర కట్టుకున్యా. బడి వాకిట్లోనే నిలబెట్టినారు. 'మీ యీదోల్ల ఓట్లన్నీ పొద్దున్నే అయిపోయినాయి పాపా, ఎండలో ఎందుకు, ఇంటికి పో' అనె ఊరి పెద్దాయన. కసిరి గూడా గాదు, నవ్వుకుంటా. నా పేరున ఎవుడో ఏసేసినాడు. మజ్జిగ గూడా ఇప్పిచ్చె."

"తాగారా?"

"తాగినా. దప్పికైంటే తాగనా? ఆ మజ్జిగే నన్ను ఎక్కువ కాల్చింది. తిరిగొస్తాంటే ఒకటే యోచన. ఆయమ్మ వరండాలో కాసుకోనుంటాది, ఏం మొగం పెట్టుకోని చెప్పాల? మీ దేశంలో మీకు ఇయ్యలేదు, మా దేశంలో ఇచ్చి గుంజుకున్యారు అనా? నాకు శానా సిగ్గనిపించింది. దొడ్డి వాకిట్లోంచి మందుల గదిలోకి పోయినా. పులిపిరికాయలు కాల్చే మందు, సిల్వర్ నైట్రేటు, పుల్లకు అద్దుకోని వేలికి గీసుకున్యా. అది తగిలితే చర్మం నల్లగైతాది, వారం దినాలు పోదు. ఓట్ల సిరాలో గూడా ఆ మందే ఉంటాదంట. అప్పుడు ముందుకు పోయి చూపిచ్చినా. ఆయమ్మ నా వేలు పట్టుకోని ఏడ్సె."

నా గర్వం ఇక్కడ ఆగిపోయింది. ముప్పై ఏళ్లు, ఓటు ఎవరికి అన్న ఒక మార్కు ప్రశ్నకి ఇరవై ఒకటి నిండిన ప్రతి పౌరుడికీ పౌరురాలికీ అని, తర్వాత పద్దెనిమిది అని దిద్దాను. మజ్జిగ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

"నిజంగా ఓటేసింది ఎప్పుడు?" అన్నాను.

"అరవై ఏండ్లప్పుడు, ఈ ఊరికొచ్చినాక. బయటికొచ్చి వేలు చూసుకోని కుశాల పడినా. ఎవురికి చెప్పుకోవాల? చెప్పాల్సిన మనిషికి ఎప్పుడో చెప్పేస్తిని గదా, అబద్ధం. అప్పట్నుంచి ఏసినప్పుడల్లా ఈ గోరు తీయను, మచ్చ పొయ్యేదాకా. నర్సును, గోరు పెంచకూడదు. అయినా తీయబుద్ధి గాదు."

అప్పుడు నేనొక తెలివితక్కువ మాట అన్నాను. "అయితే ఈ వేలే ఫోటో తీసి పంపేస్తాను. ఇది నిజం మచ్చే కదా. ఆవిడకి మతిమరుపు, పాత సంగతి తవ్వడం దేనికి?"

సంపూర్ణమ్మ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. "మతి లేని మనిషిని మోసం చేసేది సులభం అంటాండావా? టీచరువేనా నువ్వు? ఒగసారి మోసం చేసి యాభై ఏండ్లు పోగొట్టుకున్యా. ఫోన్ చెయ్. మొగం చూసి చెప్తా. ఆయమ్మకు గుర్తుండంగనే చెప్పాల, బిన్నా చెయ్, ఆలస్యం వద్దు."

చేశాను. మధ్యాహ్నం మూడైంది, అక్కడ ఇంకా పదకొండున్నర. సునీత ఫోను పట్టుకుంది. కిటికీ పక్క కుర్చీలో బక్కపలచటి ముసలావిడ, ఒళ్లో నీలం దుప్పటి. ఇటు చూసి కళ్లు చిట్లించింది. ఎవరో పోల్చుకోలేదేమోనని ఫోను ఇంకాస్త దగ్గరగా జరిపాను.

"ఎలిసమ్మా, నేను సంపూర్ణను."

"ముసిల్దానివై పోయినావే!" అంది ఎల్స్‌బెత్. 

సంపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసేసి, నర్సు డాక్టరుకి కేసు చెప్పినట్టు నిలబడి చెప్పింది. "ఆ పొద్దు నేను ఓటేయలేదు. నన్ను ఏయనీలేదు. నీకు చూపిచ్చింది మందుల గదిలో మచ్చ. అబద్ధం ఆడినా. అందుకే జవాబు రాయలేదు."

ఎల్స్‌బెత్ దుప్పటి అంచు సవరించుకుంది. విన్నదో లేదో తెలియలేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను. ఆవిడ, "వేలు చూపియ్యి" అంది.

సంపూర్ణమ్మ ఎడమ చూపుడువేలు ఫోను దగ్గరగా పెట్టింది.

"ఈసారి సరైన చేతికి ఉండాది" అంది ఎల్స్‌బెత్. "ఆ పొద్దు కుడి చేతికి పూసుకోని వస్తివి."

సంపూర్ణమ్మ తన రెండు చేతుల వంకా చూసుకుంది. నేనూ చూశాను. ఎడమచేతివాటం మనిషి పుల్ల ఎడమ చేత్తో పట్టుకుంటే మచ్చ కుడి వేలికే పడుతుంది. లోపలికి పోనివ్వలేదు కాబట్టి, సిరా ఏ చేతికి పెడతారో ఆమెకి తెలిసే దారి లేదు.

"అందరు నర్సులకూ ఎడమ చెయ్యి మే, నీ ఒక్కదానికే కుడి చెయ్యి. ఏయనీలేదని నాకు ఆ పొద్దే తెలిసింది. అందుకే గదా ఏడిస్తి."

"తెలిసి ఎందుకు అడగలేదు?"

"అడిగితే నీ మచ్చ ఏమైతాది?" అంది ఎల్స్‌బెత్. "అందుకే, నాకు ఓటొచ్చినాక కాగితంలో నీ పేరు రాసినా."

సంపూర్ణమ్మ ఏడ్చింది. అటువైపు ఆవిడ ఏడవలేదు, సునీత ఏడ్చింది. కాసేపటికి ఎల్స్‌బెత్ మళ్లీ, "ఏంది మే సంపూర్ణా, వేలు చూపియ్యి" అంది, కొత్తగా అడుగుతున్నట్టే. సంపూర్ణమ్మ మళ్లీ చూపించింది. మొత్తం మూడుసార్లు చూపించింది, మూడుసార్లూ అదే ఓపికతో.

ఫోను పెట్టేశాక చీనీకాయలు ఒలుచుకుని తిన్నాం. బయల్దేరబోతుంటే ఆమె అల్మారాలోంచి గోళ్ల కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. 

"నువ్వే తియ్యి మే. నా కుడి చేతికి ఈ పని రాదు" అని, ఎడమ చూపుడువేలు నా ముందు చాపింది.

నేను తీశాను.